ఆరు పాటల ఎరుపు

అద్దకం షెడ్డులో అతన్ని అందరూ మేస్త్రి అనేవాళ్లు. సొంత పేరుతో ఎవరైనా పిలిస్తే వెంటనే పలికేవాడు కాదు, పక్కన ఇంకెవరినో పిలుస్తున్నారనుకుని తన పని తను చూసుకునేవాడు. మోచేతుల దాకా చేతులకు ఎప్పుడూ ఏదో ఒక రంగు అంటుకునే ఉండేది. షెడ్డులోంచి ఏ సరుకు పోతోందో తెలియాలంటే ఎవరినీ అడగక్కర్లేదు, మేస్త్రి గోళ్లు చూస్తే చాలు. ఆ చేతులతో అన్నం కలుపుతుంటే భార్య చూసి, ఆ ముద్ద కూడా పాపం అద్దకానికొచ్చాననుకుంటుందయ్యా అనేది.

అతనికి వచ్చిన పని ఒక్కటే. ఉన్న మోజు కూడా ఒక్కటే, రేడియో పాటలు. పోనుపోను ఆ రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఎక్కడ పని ఆగి ఎక్కడ పాట మొదలవుతుందో అతనికే తెలియకుండా పోయింది. కొంప మునిగింది కూడా అక్కడే.

చిన్నతనంలో పాట మొదటిసారి అతని చెవిన పడింది వేరేవాళ్ల పెరట్లో. తల్లి నాలుగిళ్లలో అంట్లు తోమేది. వాటిలో ఒక ఇంట్లో కిటికీ పక్కన బల్ల మీద పెద్ద రేడియో ఉండేది. ముందువైపు గోనెగుడ్డ లాంటి బట్ట, కింద రెండు గుండ్రటి మీటలు. తల్లి గిన్నెలు తోముతుంటే పిల్లాడు కిటికీ కింద గోడకానుకుని కూర్చునేవాడు. పొద్దున పూట ఎవరో ఒకాయన కచేరీ వచ్చేది. ఆయన ఒకే మాట పట్టుకుని, దాన్ని పైకి లాగి, కిందికి దించి, మూలల్లోకి తోసి, మళ్లీ వెనక్కి తెచ్చి, ఎంతకీ వదిలేవాడు కాదు. పాపం ఆయనకి మిగతా పాట రాదా అమ్మా అని అడిగితే తల్లి నవ్వి నవ్వి చేతిలో చెంబు జారవిడిచింది.

దాని తర్వాత ఆడవాళ్ల కార్యక్రమంలో ఒక జోలపాట వచ్చేది. ఎంతకీ నిద్రపోని బిడ్డను తల్లి బతిమాలే పాట. అది మొదలవగానే తల్లి కుళాయి కట్టేసేది. మసి చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, పాట అయ్యేదాకా కదలకుండా కూర్చునేది. రోజంతా తిరుగుతూనే ఉండే మనిషి అలా ఆగిపోవడం అతను ఆ ఒక్క పాటకే చూశాడు. మర్నాడు ఆ పాట రాకపోతే తల్లి కంటే ముందు అతని మొహం వాడిపోయేది.

చదువు ఎంతో కాలం సాగలేదు. తల్లి నడుం పట్టేసింది. బడి ఆగింది. అతను అద్దకం షెడ్డులో నీళ్లు మొయ్యడానికి చేరాడు, తర్వాత పొయ్యి దగ్గరికి, ఆ తర్వాత తొట్టి దగ్గరికి వచ్చాడు. అక్కడే మీసాలొచ్చాయి, అక్కడే నెరిశాయి.

షెడ్డంటే పొడుగాటి రేకుల పాక. వరసగా ఇనప తొట్లు, కింద పొయ్యిలు, పైన చూరు కనపడనంత ఆవిరి. నూలు చిలపలుగా వస్తుంది, చిలపంటే వదులుగా చుట్టిన నూలు కట్ట. చిలపల్ని కర్రలకు తగిలించి వేడి రంగునీళ్లలోకి వేలాడదీస్తారు. తొట్టికి చెరోపక్క ఒక మనిషి నిలబడి, కర్రలు తిప్పుతూ పైనున్న నూలు కిందికి, కిందున్న నూలు పైకి మారుస్తూ ఉండాలి. చెయ్యి ఆగితే మచ్చ పడుతుంది. రంగు నూలు మీదికి చప్పున ఎక్కుతుంది. ఎక్కినంత మాత్రాన నిలవదు. ఆఖర్న చాకలిసోడా నీళ్లు పొయ్యాలి. సోడా పోసేదాకా రంగు చుట్టపుచూపుగా వచ్చినట్టే, పోశాక గాని అక్కడ కాపురం పెట్టదు. అలా పోశాక ఎంతసేపు ఉంచాలి అన్నదే పనితనం. తొందరపడి తీసేస్తే చూడ్డానికి అంతా బాగానే ఉంటుంది, కంటితో ఎవడూ పట్టుకోలేడు. బట్ట ఉతికిన రోజున బయటపడుతుంది.

మరి ఎంతసేపని ఎలా తెలుస్తుంది? షెడ్డులో గోడ గడియారం ఎన్నిసార్లు పెట్టినా ఆవిరికి ఉక్కిరిబిక్కిరై చచ్చిపోయేది. చేతి గడియారాలు తొట్లో మునిగేవి. పాత మేస్త్రి ఒకాయన చుట్ట వెలిగించి, చుట్ట అయిపోతే తొట్టి అయినట్టు లెక్క చెప్పేవాడట. ఆయన దగ్గు ముదిరి మంచాన పడ్డాక లెక్క చెప్పేవాళ్లు లేకుండా పోయారు. అప్పుడు షెడ్డు యజమాని, అంటే పెద్దాయన, ఒక రేడియో కొనుక్కొచ్చి, ప్లాస్టిక్ సంచి తొడిగి, గుమ్మం పైన చెక్క మీద పెట్టించాడు. పనివాళ్లు కునుకు తియ్యకుండా ఉంటారని ఆయన ఆలోచన. దాన్ని గడియారం చేసింది మాత్రం మన మేస్త్రే. సోడా పోశాక పది పాటలు అని తేల్చాడు. ఒక పాట అటూ ఇటూ చేసి, ఉతికి చూసి, మళ్లీ చేసి, పది అని ఖాయం చేశాడు. అప్పటి నుంచి ఆ షెడ్డులో ఎవరూ ఎంతసేపయింది అని అడగలేదు. ఎన్నో పాట అనే అడిగేవాళ్లు.

అలా పాటల మధ్యే అతని వయసు గడిచింది. మొదట్లో అన్నీ జంట పాటలు. తోటలో చెరో చెట్టు అడ్డం పెట్టుకుని ఒకరినొకరు వెతుక్కునేవాళ్లు. వాళ్లకి పనీపాటా లేదా, చెట్టు అడ్డం తీస్తే కనపడతారుగా అని చిలపలు కడిగే ఆడవాళ్లు నవ్వుకునేవాళ్లు. మధ్యాహ్నం పూట పల్లెపాటలు వచ్చేవి. ఒకళ్లు అందుకుంటే పదిమంది తిరిగి అనే పాటలు. వాటికి కడుగుతొట్ల దగ్గర ఆడవాళ్లంతా గొంతు కలిపేవాళ్లు, ఆ రోజు నూలు బాగా పిండేవాళ్లు. పాటల పేర్లు షెడ్డులో ఎవరికీ తెలియవు. ఒకటి ఈల పాట. ఒకటి గొర్రెలకాపరి పాట. ఒకటి దేవుణ్ణి నిలదీసే పాట. ఇంకొకటి ఎక్కిళ్ల పాట, అందులో పాడేవాడు మధ్యలో నిజంగానే ఏడ్చాడని అందరి నమ్మకం.

ఆ ఎక్కిళ్ల పాట పాడినాయన గొంతు బొంగురు. రేడియోలో ఆయన పేరు రోజూ చెప్పేవాళ్లు గాని, షెడ్డులో ఆయన బొంగురాయనే. హుషారు పాటైనా, భక్తి పాటైనా, ఏడుపు పాటైనా ఆయన పాడితే పక్కన నిలబడి కర్ర తిప్పుతున్న మనిషి పాడినట్టుండేది. మేస్త్రికి ఆయనంటే ప్రాణం. ఆయన పాట వచ్చిందంటే నోరు మెదపనిచ్చేవాడు కాదు, దగ్గు వస్తే బయటికి పోయి దగ్గి రమ్మనేవాడు.

పెళ్లయిన కొత్తలో ఇంట్లో రేడియో లేదు. పక్కింటివాళ్లది గోడ అవతల మోగేది. భార్యకు నచ్చిన పాట ఒక్కటే, ఆలస్యంగా ఇల్లు చేరిన మొగుణ్ణి పెళ్లాం గుమ్మంలో నిలబెట్టి తిట్టే పాట. అది వస్తే పనంతా మానేసి గోడ దగ్గరికి పోయి నిలబడి, ఒక్కొక్క తిట్టు దగ్గరా అతని వైపు చూసేది. తర్వాత చాలా కాలానికి ఇంట్లోకి చిన్న రేడియో కొన్నాక ఆ పాట రావడం మానేసింది. నా పాట వేసేవాళ్లంతా పోయినట్టున్నారు, ఇక నేనే సొంతంగా తిట్టుకోవాలి అని ఆవిడ అంది.

భార్య తమ్ముడు కూడా ఆ తొట్టి దగ్గరికే వచ్చాడు. ఇద్దరూ చెరోపక్క నిలబడి కర్రలు తిప్పేవాళ్లు. బామ్మర్దికి డిస్కో పిచ్చి. రేకుల మీద డబ్బాలు దొర్లించినట్టుండే ఆ పాటలు వస్తే వాడి చేతులు వాటంతట అవే వేగం పుంజుకునేవి, రంగునీళ్లు బావ మొహాన చిందేవి. రేడియో మీట ఎవరి చేతిలో ఉండాలన్నది వాళ్లిద్దరికీ ఏళ్ల తరబడి తేలని తగువు. బామ్మర్ది అవి గొంతులా, గాడిద ఓండ్రలా అనేవాడు. మేస్త్రి, నీ పాటలో మనిషి ఎక్కడున్నాడో చూపించరా, దండ వేస్తాను అనేవాడు. మీట మాత్రం బావ చేతిలోనే ఉండేది.

తర్వాత కొత్త స్టేషన్లు వచ్చాయి. పొద్దున లేచింది మొదలు ఒక అమ్మాయీ ఒక అబ్బాయీ గుక్క తిప్పుకోకుండా నవ్వేవాళ్లు. పాటకీ పాటకీ మధ్య సిమెంటు, బంగారం, పళ్లపొడి, ఇళ్ల స్థలాలు, మళ్లీ సిమెంటు. పది పాటలు అయ్యేసరికి ఒక తొట్టికి పొద్దు సగం పోతోంది, పెద్దాయన గొణుగుతున్నాడు. మేస్త్రి మళ్లీ మొదటి నుంచి లెక్క పెట్టుకున్నాడు. యాడ్లు, కబుర్లు, నవ్వులు అన్నీ కలుపుకుని పదిని ఆరు చేశాడు. ఆరు పాటలకు దింపిన సరుకు ఉతికి చూశాడు, చుక్క రంగు దిగలేదు. ఆ రోజు పెద్దాయన భుజం తట్టాడు. అతని బతుకులో ఎవరైనా భుజం తట్టడం అదొక్కసారే.

పెద్దాయన పోయాడు. కొడుకు వచ్చాడు. చిన్నయజమాని చెడ్డవాడు కాదు, చదువుకున్నవాడు, మర్యాదగా మాట్లాడేవాడు. కాని ఊరి చివర మిషన్ల మిల్లు పెట్టారు. నూలు లోపల పడేసి మూత పెడితే అదే రంగు వేసుకుని, అదే కడుక్కుని, అదే గంట కొట్టి పిలుస్తుందట. మిగతా అద్దకం షెడ్లు ఒక్కొక్కటీ మూతబడ్డాయి. ఒకదాంట్లో కోళ్లు పెంచుతున్నారు. మరోదానికి తాళం వేశారు, ఆ తాళం కూడా తుప్పు పట్టింది. ఆ షెడ్లలో పనిచేసినవాళ్లలో కాస్త బలం ఉన్నవాళ్లు మూటలు మోస్తున్నారు, లేనివాళ్లు అరుగుల మీద కూర్చున్నారు. మేస్త్రి ఆ దారిన పోయేటప్పుడు వాళ్ల మొహాలు చూసేవాడు కాదు. అతనికి మోకాళ్లు అరిగాయి, ఊపిరితిత్తుల్లో ఏళ్ల ఆవిరి పేరుకుంది. చొక్కాలకు గుండీలు కుట్టే భార్యకు సూదిలో దారం ఎక్కించడానికి చూపు సరిగా ఆనడం లేదు. ఒక్కగానొక్క కూతురు అత్తారింట్లో తన తిప్పలు తను పడుతోంది. తొట్టి పోతే తను కూడా ఆ అరుగు మీదికే పోవాలని అతనికి తెలుసు.

ఒకరోజు చిన్నయజమాని తొట్టి దగ్గరికే వచ్చాడు. ఒక పెద్ద హోటలుకు తువ్వాళ్లు, తెల్ల తువ్వాలుకు రెండువైపులా ముదురు ఎరుపు చార. ఆ ఎరుపు నూలు మనం ఇవ్వాలి.

"మేస్త్రీ, ఉన్నమాట చెప్తున్నా. ఈ సరుకు మాట రాకుండా పోతే తొట్లు ఇంకొన్నాళ్లు నడుపుదాం. వాళ్ల దగ్గర ఇంకా పని ఉంది. మాటొచ్చిందా, ఇక నావల్ల కాదు. నూలంతా మిల్లుకే పంపించేస్తా."

"మాటెందుకొస్తుంది బాబూ. మీ నాన్నగారి రోజుల్నించీ రాలేదు" అన్నాడు మేస్త్రి.

ఎరుపు తొట్టి పెట్టే రోజు పొద్దున రేడియో తిప్పగానే నవ్వుల్లేవు. ఆ అమ్మాయి నెమ్మదిగా మాట్లాడుతోంది. బొంగురాయన పోయాడట. నిద్రలోనే పోయాడట. ఆయన గౌరవార్థం ఇవాళ పొద్దుపోయేదాకా ఆయన పాటలే, ఇంకేమీ వెయ్యం అని చెప్పి, తను కూడా నోరు మూసుకుంది.

మేస్త్రి మీట తిప్పి రేడియో గొంతు ఇంకాస్త పెంచాడు. బామ్మర్ది ఆ రోజు ఏమీ వెటకారం చెయ్యలేదు, వాడే పొయ్యి రాజేసి, వాడే రంగులో కలిపే ఉప్పు తూచాడు. చిలపలు దించారు. కర్రలు తిప్పారు. రంగు ఎక్కి, నూలు ఎర్రబడింది. మేస్త్రి చేత్తోనే సోడా పోశాడు.

మొదటిది గొర్రెలకాపరి పాట. ఎన్నేళ్లయిందో విని. కడుగుతొట్ల దగ్గర ఆడవాళ్లు కూడా తలెత్తారు. అది అయిందో లేదో ఈల పాట అందుకుంది, నీళ్లు మోసిన రోజుల పాట, అప్పుడు అతనికి నడుమూ మోకాలూ ఉన్నాయని కూడా తెలియదు. దాని వెనకే దేవుణ్ణి నిలదీసే పాట. తల్లిని సాగనంపి వచ్చిన మధ్యాహ్నం అతను తిన్నగా షెడ్డుకే వచ్చాడు, ఇంటికెళ్లి చేసేదేముందని. అప్పుడు వచ్చింది ఆ పాటే. తర్వాత బొంగురాయన వయసు మళ్లాక ఎవరో బలవంతం చేస్తే పాడిన డిస్కో పాట, దానికి బావా బామ్మర్దీ ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. ఒక పాట తోక పట్టుకుని ఇంకో పాట వస్తోంది. మధ్యలో సిమెంటు లేదు, బంగారం లేదు. తన బతుకంతా ఎవరో వరసగా పేర్చి చెవిలో పోస్తున్నట్టుంది. ఎక్కిళ్ల పాట వచ్చేసరికి మేస్త్రి కళ్లలోంచి నీళ్లు కారాయి. ఆవిరిలో ఎవరికీ కనపడవు కాబట్టి తుడుచుకోలేదు. ఇంకోటి ఏదో జంట పాట అయింది.

మేస్త్రి కర్ర పైకెత్తాడు.

"అప్పుడే ఆరా బావా?" అన్నాడు బామ్మర్ది.

"ఆరే. లెక్కపెట్టుకున్నా."

"ఎందుకో తొందరగా అయినట్టుందే."

"మంచి పాటలు తొందరగానే అయిపోతాయిరా. నీ డబ్బా పాటైతే ఒక్కొక్కటి ఏడాది సాగుతుంది."

బామ్మర్ది నవ్వాడు. ఆ నవ్వుతో ఆ మాట అక్కడికి ముగిసిపోయింది. చిలపలు బయటికి తీశారు. కడిగే ఆడవాళ్లలో ఒకామె, ఇంకా ఎర్రనీళ్లు వస్తూనే ఉన్నాయి మేస్త్రీ అంది. ముదురు రంగు, అంతే వస్తుంది, ఇంకోసారి నీళ్లు పట్టు అన్నాడు. అదే కొలతన రెండో తొట్టి, మూడో తొట్టి కూడా అయ్యాయి. ఆరిన నూలు చూస్తే ఎక్కడా వంక లేదు, నిండుగా, మచ్చ లేకుండా, ఎరుపంటే ఇదిరా అన్నట్టుంది. పొద్దు వాలేలోపే బండి వచ్చి ఎత్తుకుపోయింది.

ఇంటికెళ్లి భార్యకు అన్నీ చెప్పాడు, ఏ పాట తర్వాత ఏ పాట వచ్చిందో, దేనికి ఎవరు నవ్వారో. ఆవిడ గుండీల పని పక్కన పెట్టి విన్నది. ఇన్ని మాటలు నీ దగ్గర ఉన్నాయని తెలిస్తే ఎప్పుడో ఎవరినో ఒకర్ని చంపించేదాన్ని గదయ్యా అంది. బొంగురాయన పోయినందుకు మేస్త్రికి బెంగ ఉంది గాని, లోపల ఎక్కడో హాయిగా కూడా ఉంది. చాలా కాలానికి కంటినిండా నిద్రపోయాడు.

మర్నాడు ఆకుపచ్చ తొట్టి. సోడా పోశారు. ఒక పాట అయింది. సిమెంటు వచ్చింది, బంగారం వచ్చింది, అబ్బాయి నవ్వాడు, అమ్మాయి నవ్వింది, ఇళ్ల స్థలాలు వచ్చాయి. ఇంకా రెండో పాట రాలేదు. మేస్త్రి చేతులు తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయాయి.

"బావా, మచ్చ పడుద్ది" అన్నాడు బామ్మర్ది.

మేస్త్రి తలెత్తాడు. వాడి మొహం చూశాడు. వాడూ రేడియో వైపు చూశాడు. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. నిన్న పాటలు ఆరే, యాడ్లు మాత్రం ఒక్కటీ లేవు. రంగు నూలు మీద కూర్చుందే గాని, కాపురం పెట్టలేదు.

మధ్యాహ్నం క్యారేజీలు విప్పినప్పుడు మేస్త్రి వెళ్లి చిన్నయజమానికి చెప్పేస్తానన్నాడు. బామ్మర్ది చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. చెప్తే తొట్లు ఇవాళే ఆర్పేస్తారు. చెప్పకపోతే, ఏమో, కొంత పట్టి ఉండొచ్చు, వేడినీళ్లలో ఉతక్కపోవచ్చు, వాళ్లు చూడకపోవచ్చు.

"నోరు విప్పకు బావా. నాకు ఇద్దరు చదువుకునే పిల్లలున్నారు."

 మేస్త్రి అన్నం క్యారేజీకి మూత పెట్టి మళ్లీ కట్టేశాడు. ఆ రోజు నుంచి అతనికి పాటలు వినపడటం మానేశాయి. చెవిలో పడేవి, లెక్కకు వచ్చేవి, అంతే. పాట అయ్యాక ఎంత గ్యాపు వస్తోందో దాన్నే వినేవాడు. గేటు దగ్గర బండి ఆగిన చప్పుడైతే కర్ర తిప్పుతూనే మెడ తిప్పి చూసేవాడు. హోటలు వాళ్ల దగ్గర్నించి ఏ కబురూ రాని ప్రతి పొద్దూ, పట్టిందేమో అని ఒక ఆశ. ఆ ఆశే మనిషిని ఎక్కువ తినేసింది.

తువ్వాళ్లు వెనక్కి వచ్చాయి. చిన్నయజమాని కేకలు వెయ్యలేదు. ఇద్దర్నీ గదిలోకి పిలిచి, బల్ల మీద ఒక తువ్వాలు పరిచాడు. ఎర్రచార వెలిసి మట్టిరంగుకు తిరిగింది. మిగతా తెలుపంతా చిన్నపిల్లల గులాబీ గౌను రంగు. ఒక్క ఉతుక్కే అంతా అలాగే అయిందట, ఒకటి కూడా మిగల్లేదట.

"ఏం జరిగింది మేస్త్రీ?"

బామ్మర్ది ముందే అందుకుని, సోడా తేడా వచ్చినట్టుంది బాబూ, ఈ మధ్య సంచుల్లో తడి తగులుతోంది అన్నాడు. చిన్నయజమాని తల ఊపాడు. ఆ మాట నిలిచేలాగే ఉంది. కాని ఆ సోడా తెచ్చిచ్చేది పక్కసందు కొట్టు ముసలాయన, మనవరాల్ని ఎక్కించుకుని రిక్షా తొక్కుకుంటూ తెచ్చేవాడు. మాటొస్తే ఆయన మీదికొస్తుంది.

"సోడా మంచిదే బాబూ. నా లెక్క తప్పింది" అన్నాడు మేస్త్రి.

"ఏ లెక్క?"

చెప్పక తప్పలేదు.

"ఆ రోజు రేడియోలో యాడ్లు రాలేదు."

చిన్నయజమాని అర్థంకాక ఇద్దరి మొహాలూ చూశాడు. వేళాకోళం అనుకున్నాడేమో నవ్వబోయాడు. అవతల నవ్వు కనపడకపోయేసరికి ఆగాడు. మేస్త్రి తొట్టి లెక్క మొదటి నుంచీ చెప్పాడు, పది పాటలు, తర్వాత ఆరు, బొంగురాయన పోయిన రోజు, మర్నాడు తొట్టి దగ్గర తెలిసొచ్చిన సంగతి. చెప్తుంటే ఆ గదిలో, ఆ బల్ల ముందు, అది తనకే పిచ్చివాడి మాటల్లా వినపడింది.

"ఇన్నాళ్లూ మన సరుకంతా ఇలాగే దింపావా?"

"ఒక్క మాట రాలేదు బాబూ."

"మర్నాడే తెలిసిందన్నావుగా. ఆ రోజు చెప్పి ఉంటే నూలు వెనక్కి తెప్పించి మళ్లీ సోడా పట్టించేవాళ్లం కదా. అప్పటికింకా మగ్గం ఎక్కలేదు."

మేస్త్రి తన గోళ్లు చూసుకున్నాడు. పక్కన బామ్మర్ది నేల చూస్తున్నాడు. చిన్నయజమాని తువ్వాలు మడతపెట్టాడు. మడత సరిగ్గా రాకపోతే విప్పి మళ్లీ పెట్టాడు. ఈ వారంతో పొయ్యిలు ఆర్పేయండి అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

దారిలో బామ్మర్ది ముందు నడిచాడు. ఎప్పుడూ పక్కపక్కనే నడిచేవాళ్లు. సందు మలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"సోడా మీదికి పోయేది బావా. పోనిచ్చి ఉండాల్సింది."

"ఆ ముసలాయన ఏం చేశాడురా."

"మనం మాత్రం ఏం చేశాం?"

ఇంట్లో భార్య విషయం విన్నది. తిడుతుందనుకున్నాడు, తిడితే బాగుండుననుకున్నాడు.  కంచం పెట్టింది, నీళ్లు పెట్టింది, గోడ వైపు తిరిగి పడుకుంది. 

ఆఖరి రోజున తొట్లలో నీళ్లు వదిలేశారు. అన్ని రంగులూ కలిసి ఒకే కాలవలో పడి నల్లగా పోయాయి. చిన్నయజమాని ఆ రేడియో తీసుకెళ్లమన్నాడు. వద్దు బాబూ అన్నాడు మేస్త్రి. ఎవరు తీసుకెళ్లారో అతనికి తెలియదు. ఆడవాళ్లు ఎవరి చెప్పులు వాళ్లు వెతుక్కుని, వెళ్లొస్తాం మేస్త్రీ అని వెళ్లారు. వచ్చేది ఎక్కడికో ఎవరూ అడగలేదు.

కొన్నాళ్లకు మిల్లులో మనుషుల్ని తీసుకుంటున్నారని తెలిసి, భార్య తమ్ముడి ఇంటికి వెళ్లి ఏదో మాట్లాడి వచ్చింది. రేపు వాడితో పాటు నువ్వు కూడా వెళ్లు అంది. మర్నాడు బామ్మర్ది వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. మేస్త్రి ఉతికిన చొక్కా తొడుక్కుని వెళ్లాడు.

మిల్లు లోపల ఎవరి మాట ఎవరికీ వినపడదు. మనిషి కంటే ఎత్తున తెల్లటి డ్రమ్ములు, వాటి పొట్టల్లో ఏదో గిరగిరా తిరుగుతోంది. ఆవిరి లేదు, రంగు వాసన లేదు. పనివాళ్లు చెవుల్లో దూది లాంటివి పెట్టుకుని ఉన్నారు. ఒక కుర్ర సూపర్వైజరు బయటి వరండాలో కుర్చీ వేసుకుని వచ్చినవాళ్లను చూస్తున్నాడు. బామ్మర్ది భుజాలు చూశాడు, లోపలికెళ్లు అన్నాడు. తర్వాత మేస్త్రి వంతు.

"ఏం పని వచ్చు?"

"రంగు."

"రంగు మిషనే వేస్తుంది పెద్దాయనా. మూటలు ఎత్తగలవా?"

ఎత్తగలనని చెప్పబోతే దగ్గు వచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు. ఆ అబ్బాయి పక్కనున్న సీసాలోంచి నీళ్లు ఇచ్చాడు, తాగేదాకా ఆగాడు, తర్వాత వెనకున్న మనిషిని రమ్మన్నాడు. బామ్మర్ది లోపలికి పోతూ పోతూ ఒకసారి తిరిగి చూశాడు.

"నువ్వు ఇంటికెళ్లు బావా" అన్నాడు. ఆ చప్పుడులో మాట వినపడలేదు, పెదాలు చూసి తెలుసుకున్నాడు.

మేస్త్రి గేటు బయటికి వచ్చాడు. ఎండ అప్పుడే ఎక్కుతోంది. రోడ్డు మీద కూరగాయల బండి, బడికి ఆలస్యమైన పిల్లలు, మేడ మీద బట్టలారేస్తున్న ఒకామె. ఈ వేళప్పుడు వీధి ఇలా ఉంటుందని అతనికి తెలియదు. ఇంతకాలం ఈ వేళకు తొట్టి ముందే ఉన్నాడు. ఇప్పుడు ఇంటికి వెళ్తే భార్య తలుపు తీస్తుంది, మొహం చూస్తుంది, అడగదు. గేటు పక్కనున్న పొట్టిగోడ మీద కూర్చున్నాడు.

కాసేపటికి వాచ్‌మన్ వచ్చి, ఎవరికోసం అని అడిగాడు.

"మా బామ్మర్ది లోపలున్నాడు."

"షిఫ్టు అయ్యేసరికి సాయంత్రమవుద్ది."

"పర్లేదు."

వాచ్‌మన్ అతన్ని కిందికీ మీదికీ చూసి, గేటు రెండో రెక్క తీశాడు.

"అయితే ఆ పక్కకి జరుగు పెద్దాయనా. లారీ వస్తోంది."

మేస్త్రి జరిగాడు. లారీ నిండా తెల్లనూలు. అది లోపలికి పోయింది. వాచ్‌మన్ గేటు మూసి, గొళ్లెం పెట్టి, నీడలోకి వెళ్లిపోయాడు.